నీలం కుళాయి కింద చెయ్యి

మొన్న ఏప్రిల్ మొదట్లో, ఎండాకాలం సర్వీసుకని కంపెనీ వాళ్ళు కొత్త మెకానిక్‌ని పంపించారు. చేతిలో చిన్న తుపాకీలాంటి మీటరుంది. ఏసీ వైపు గురిపెట్టి నొక్కాడు, అంకె చూశాడు, ఫోన్లో ఎక్కించాడు. బాత్రూంలో కుళాయి నీళ్ళకీ అదే మర్యాద. టీ వద్దన్నాడు. సోఫా జరపమనలేదు. ఇల్లు ఇలా ఉందేమిటని అడగలేదు. పని శుభ్రంగా చేశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరక్క నాకు ఒళ్ళు మండింది.

వెళ్ళే ముందు మాత్రం, ఎర్ర కుళాయికి ఈ గుడ్డ పీలిక ఎందుకు కట్టారని హిందీలో అడిగాడు. పాత చొక్కా చింపి కట్టిన తెల్ల పీలిక అది. ఇప్పుడు తెలుపు అనడానికి కూడా లేదు. "ఉండనీండి, విప్పొద్దు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ పీలిక కట్టిన మనిషి పోయాడని అంతకు ముందు వారమే మా నాతూర్ చెప్పాడు. నాతూర్ అంటే ఇక్కడ బిల్డింగ్ కాపలాదారు. లిఫ్ట్ దగ్గర నిలబెట్టి, కబురు చెప్పి, ఒక ఫోన్ నంబరు ఇచ్చాడు. "భాయ్ ఇంటి నంబరు. ఒకసారి మాట్లాడండి" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు నేను. ఏం మాట్లాడాలో తెలియలేదు.

దుబాయ్ పక్కనున్న ఈ అజ్మాన్‌లో, మా బిల్డింగ్ మొత్తానికీ ఆయన భాయ్. మలయాళీలకీ భాయే, బెంగాలీలకీ భాయే, నాలుగో అంతస్తు ఫిలిప్పీన్స్ అమ్మాయిలకీ భాయే. ఊరు కడప వైపు. ఉర్దూ ఇంట్లో, తెలుగు బజార్లో నేర్చుకున్న మనిషి. దుబాయ్ వచ్చి ఎన్నేళ్ళయిందో అడిగితే, "నువ్వు బళ్ళో పలక పట్టుకోని ఉంటావులే మ్మా అప్పుడు" అనేవాడు. ఏసీలు, నీళ్ళ ట్యాంకులు, హీటర్లు, పైపులు, అన్నీ ఆయనవే. మేము అద్దెకున్నాం గానీ ఇళ్ళు మాత్రం ఆయనవన్నట్టు తిరిగేవాడు.

పెళ్ళయి నేనిక్కడికి వచ్చిన మొదటి ఎండాకాలం ఆయన పరిచయమయ్యాడు. మొహం కడుక్కుందామని నీలం గుర్తున్న కుళాయి తిప్పి కెవ్వుమన్నాను. పక్కింట్లో పైపు చూస్తున్న మనిషి ఆ కేకకి పరిగెత్తుకొచ్చి, గుమ్మం బయటే నిలబడి, అచ్చ తెలుగులో అడిగాడు.

"నీలందే గదా తిప్పినావు?"

"చన్నీళ్ళు కదండీ అది!"

"అది చలికాలం మాట. ఎండాకాలంలో ఎర్రది తిప్పాల."

చెబితే ఊళ్ళో వాళ్ళు నమ్మరు గానీ ఇక్కడ అంతే. నీళ్ళ ట్యాంకు డాబా మీద ఎండలో ఉడుకుతుంది. నీలం కుళాయికి నీళ్ళు తిన్నగా అక్కణ్ణుంచి వస్తాయి, అంటే మరుగుతూ వస్తాయి. హీటరు మాత్రం బాత్రూం సీలింగులో, ఏసీ చల్లదనంలో ఉంటుంది. దాని స్విచ్ ఆపేస్తే, అందులో నిలవున్న నీళ్ళు చల్లబడి ఎర్ర కుళాయిలో వస్తాయి. చలికాలంలో నీళ్ళు కాచిన డబ్బానే ఎండాకాలంలో చన్నీళ్ళ కుండ. ఎప్పుడు ఆపాలన్నదే ఇబ్బంది. ముందే ఆపితే పొద్దున్నే స్నానానికి వణుకు, ఆలస్యం చేస్తే రెండు కుళాయిల్లోనూ సలసల. ఆ రోజేదో మా బిల్డింగ్‌లో భాయ్ చెప్పేవాడు. మార్చి నుంచే మధ్యాహ్నం పూట ఇంటింటికీ వచ్చి, నీలం కుళాయి కింద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. పొద్దున పూట చూడమంటే చూసేవాడు కాదు. "పొద్దున ట్యాంకు అబద్ధం చెప్తాది" అనేవాడు. కొన్నాళ్ళు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు కళ్ళు తెరిచి, "చలికాలం ఖలాస్" అని ప్రకటించి, హీటరు ఆపేసి, ఎర్ర కుళాయికి పీలిక కట్టేవాడు. నవంబరులో మళ్ళీ వచ్చి విప్పేవాడు. మా ఇంట్లో క్యాలెండరు కంటే ఆ పీలికనే నమ్మేవాళ్ళం.

ఇక ఏసీ సంగతి. నెలల తరబడి మూసి ఉన్న ఏసీని మొదటిసారి వేసినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ఆయన మెడకి మఫ్లర్ చుట్టుకుని దాని కింద నిలబడేవాడు. జనానికి చల్లదనం పంచే మనిషికి చలి బొత్తిగా పడదు. తన గదిలో ఏసీకి ఎదురుగా అట్టముక్క అడ్డం పెట్టి పడుకుంటాడని నాతూర్ నవ్వేవాడు. ఆ మొదటి గాలి ఒక్కసారి గట్టిగా పీల్చి, చలికాలమంతా ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పేవాడు. మా ఇంట్లో ప్రతి ఏడూ ఒకటే మాట.

"ఆవకాయ. కొత్తది గాదు, పోపు పెట్టిన పాతది. దాని మీద సాంబ్రాణి. సరేనా?"

"సరే భాయ్."

"మధ్యలో రొంత జండూబామ్ గూడా ఉండాది. ఎవరికి బాగలేదు?"

మా ఆయనకి నడుం పట్టేసి పడుకున్న సంగతి ఆయనకెలా తెలియాలి? అలాగని అన్నీ నిజాలే చెప్పేవాడనుకోకండి. ఎదురింటివాళ్ళు శుద్ధ శాకాహారులు. వాళ్ళింట్లో చేపల వాసనుందని తేల్చి పెద్ద గొడవ తెచ్చిపెట్టాడు. తప్పని ఒప్పుకున్నాడా? "వాళ్ళకి తెలీకుండా ఎవురో వండినారు" అన్నాడు. ఒకసారి మా ఇంట్లో ఏసీ పైపు ఊడదీస్తే, అందులో చలికాలమంతా నిలవున్న మురికినీళ్ళన్నీ కొత్త సోఫా మీద పడ్డాయి. నేను లబలబలాడుతుంటే ఆయన సోఫానే కోపంగా చూశాడు. "దీన్ని ఈడ పెట్టింది ఎవురు?" అన్నాడు. మాటలో మాత్రం ఎప్పుడూ నెగ్గేది ఆయనే.

మొదటి రోజు ఏసీ గట్టిగా పెట్టనిచ్చేవాడు కాదు. "నిద్ర లేచినోణ్ణి లేచినట్టే పరిగెత్తిస్తావా? రొంత కూర్చోనీ, మొగం కడుక్కోనీ" అనేవాడు. రిమోట్ తన జేబులో వేసుకుని పక్కింటికి వెళ్ళిపోయిన రోజులున్నాయి.

చలికాలంలో బయటి యంత్రాల మీద పావురాలు గూళ్ళు పెట్టేవి. గూట్లో గుడ్లుంటే ఆ ఇంటి ఏసీ నడపనిచ్చేవాడు కాదు. పైఇంటాయనకి ఉక్కపోసి, ఒకరోజు మెట్ల మీద ఆయనతో గొడవ పెట్టుకున్నాడు.

"నేను మనిషిని, నాకు ఏసీ కావాలి. పావురాన్ని తీసి పారెయ్!"

"వాటికి నోటీసు ఇచ్చినా సార్. పిల్లలకి రెక్కలొస్తానే ఖాళీ చేస్తాయి. మీకైతే యజమాని ఇంకా తక్కువ టైమిస్తాడు."

మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు, చివరికి ఆ పైఇంటాయన కూడా.

కరోనా మొదలైన ఆ మార్చిలో ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కలేదు. భాయ్ వరండాలో నిలబడి, మాస్కు లోంచి అరుస్తూ, నాచేత ఏసీ జాలీ తీయించాడు, కడిగించాడు, మళ్ళీ పెట్టించాడు. "అట్ల గాదు మ్మా, దోసె తిప్పినట్టు తిప్పు!" అని ఒకటే కేకలు. ఏసీ వేశాక వాసన కూడా నన్నే చూసి చెప్పమన్నాడు. దుమ్ము వాసన తప్ప ఏమీ లేదన్నాను. "ఆవకాయ లేదా?" అన్నాడు దిగులుగా. ఆ ఏడు ఊరి నుంచి రాలేదు మరి.

మా చిన్నది పుట్టిన ఏడాది సంగతి ఇప్పుడు చెప్పాలి. ఏప్రిల్ చివరి రోజులు, ఎండ మండుతోంది. ఆ ఏడు పీలిక ఇంకా ఏ ఇంట్లోనూ పడలేదు. బిడ్డ స్నానానికి టబ్బు తీస్తుంటే భాయ్ వచ్చాడు. నీలం కుళాయి తిప్పి, చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపే ఉన్నాడు.

"ఇంగో వారం పోనీ మ్మా. చల్లగానే ఉండాది."

సరే కదా అని అదే ధార కింద టబ్బు కడగబోయాను. చుర్రుమంది. చెయ్యి లాగేసుకుని, "ఏంటి భాయ్, పరాచికాలా?" అన్నాను. ఆయన నవ్వలేదు. నా చేతికేసి, తర్వాత తన చేతికేసి చూసుకున్నాడు. ఆయన అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. కుళాయి కట్టేసి, హాల్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

టీ ఇచ్చాను. ఆయనకి స్టీలు గ్లాసులోనే కావాలి. ఎప్పుడూ చొక్కా అంచు మడిచి, దాంతో గ్లాసు పట్టుకుని, ఊదుకుంటూ తాగేవాడు. ఆ రోజు పొగలు కక్కుతున్న గ్లాసుని అయిదు వేళ్ళతో నిండుగా పట్టుకున్నాడు. నేను పళ్ళెంలో తెచ్చిన గ్లాసది. నాకప్పుడు అర్థమైంది.

"ఎన్నాళ్ళనుంచి భాయ్?"

"షుగరు మ్మా. ముందు కాళ్ళు మొద్దుబారినాయి. ఇప్పుడు వేళ్ళు. వేడి తెలీదు, చలి తెలీదు. పోయినేడు రొంత తెలిసేది. ఈ యేడు ఏమీ లేదు."

నాకు జాలేసింది, అంతకంటే ముందు కోపం వచ్చింది. "నా బిడ్డ ఒళ్ళు కాలిపోయి ఉండేది! మీ మాట మీద బిల్డింగ్ అంతా స్నానాలు చేస్తోంది. కంపెనీలో చెప్పరా?" అని అరిచాను. లోపల పాప ఏడుపందుకుంది. ఎత్తుకుని వచ్చేసరికి ఆయన గ్లాసు కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొట్టికాయ తిన్న పిల్లాడిలా కూర్చున్నాడు.

"చెప్తే ముదీర్, అదే మా మేనేజరు, రేపే నాకు ఇంటికి టికెట్ తీస్తాడు. మంచోడే, కానీ ఏం జేస్తాడు? వైర్ల పని నేనే మానుకున్నా మ్మా, అల్లా తోడు, అది వేరేవాళ్ళు చూస్తాండారు. నాకు ఇంగో రెండు సీజన్లు కావాల, అంతే. ఆమైన రాజీనామా నేనే రాసిచ్చి పోతా."

"రెండు సీజన్లలో ఏమొస్తుంది భాయ్?"

"ఏమీ రాదు. పంపిస్తే పోయేది వేరే, నేనే పోతానని పోయేది వేరే. పంపిచ్చినోళ్ళని మా ఊర్లో చూసినా. పెండ్లాం ముందర గూడా తల ఎత్తరు. ఈ చేత్తో బతికినా నేను. ఇది పనికి రాకపాయెనని పంపిస్తే, ఇంటికి ఏం మొగం పెట్టుకోని పోవాల?"

"ఇంట్లో తెలుసా?"

"షుగరని తెలుసు. చెయ్యి సంగతి తెలీదు. తెలీగూడదు."

నేను చాలాసేపు పాపని భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిరిగాను. చెప్పేస్తే ఆయన తల వంచుకుని వెళ్ళిపోతాడు. చెప్పకపోతే ఏ ఇంట్లోనో ఏ పసిదానికో ఒళ్ళు కాలుతుంది. చివరికి ఒకటే అన్నాను. "నేనెవరికీ చెప్పను. కానీ ఇక మీదట ఏ ఇంట్లోనూ మీ చెయ్యి చూసి చెప్పొద్దు. ఒక్క ఇంట్లో చెప్పినా నేనే ముదీర్‌కి ఫోన్ చేస్తాను." ఆయన తల ఊపాడు. మాట నెగ్గకుండా ఆయన మా ఇంట్లోంచి వెళ్ళింది ఆ ఒక్కసారే.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో ఆయన గొంతు ఖంగుమంటోంది.

"యల్లా, యల్లా! ఇంటామె వచ్చి చెయ్యి పెట్టాల. ఇంటామె చెయ్యి పెట్టకుండా నేను హీటర్ బంద్ చెయ్యను. కొత్త రూలు!"

తలుపు తీసి చూద్దును కదా, ఎదురింటావిడ కొంగు బిగించి బాత్రూంలోకి నడుస్తోంది, ఆయన గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎంత వేడి? పాలంతా, రసమంతా? సరిగ్గా చెప్పు మ్మా!" అని లోపలికి కేకలు. రసమంత అనగానే చలికాలం ఖలాస్. హిందీలో, మలయాళంలో, వచ్చీరాని ఇంగ్లీషులో ఇంటింటికీ ఇదే తంతు. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు రసమంటే తెలియక కాఫీ అన్నారు, దానికీ ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ఇళ్ళన్నిటికీ పీలికలు పడ్డాయి. భాయ్‌కి వయసుతో పాటు పెత్తనం కూడా ముదిరిందని బిల్డింగ్‌లో ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. నేనూ వాళ్ళతో కలిసి తిప్పాను. తిప్పి, లోపలికొచ్చి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

రెండు సీజన్లూ అలాగే గడిచాయి. తర్వాతి వసంతంలో ఒకరోజు కొత్త చొక్కా తొడుక్కుని, అత్తరు పూసుకుని వచ్చాడు. గుమ్మంలోనే చెప్పాడు.

"నేనే రాసిచ్చినా మ్మా. ముదీర్ ఉండమని శానా అడిగినాడు. ఉండనంటే ఉండనన్నా."

ఆయన అంత ఎత్తుగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను నీలం కుళాయి కింద చెయ్యి పెట్టి, "రసం" అన్నాను. ఆయన హీటరు ఆపి, జేబులోంచి తెల్ల పీలిక తీసి, ఎర్ర కుళాయికి కట్టడం మొదలుపెట్టాడు. వేళ్ళకి గుడ్డ తగిలిందో లేదో తెలియదు, కళ్ళతో చూసుకుంటూ కట్టాలి. ముడి జారిపోయింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ జారింది. నేను కడతానని నోటిదాకా వచ్చింది, మింగేశాను. చివరికి ముడి బిగిసింది. దాన్ని ఒకసారి లాగి చూసి, "విప్పేదానికి నవంబర్లో నేను రాను గదా" అని నవ్వాడు. అందుకే నేను విప్పలేదు. అప్పటినుంచి చలికాలాల్లో కూడా అది అలాగే ఉంది.

కొత్త మెకానిక్ వెళ్ళాక ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. అజ్మాన్ నుంచి అని మొదలుపెట్టానో లేదో, "ఏ ఇల్లు మ్మా? ఆవకాయ ఇల్లా?" అంది. అవునన్నాను.

"అన్నీ చెప్పేవాడు మ్మా. సాంబ్రాణి ఇల్లు, చేపల ఇల్లు, పావురాల ఇల్లు. నేను చూడకపోయినా మీ బిల్డింగ్ అంతా నాకు తెలుసు."

ఎలా పోయాడో చెప్పింది. బాధ పడలేదంది, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడంది. తర్వాత ఆమే అంది.

"మనిషి శానా మారి వచ్చినాడు మ్మా. ముందర సెలవుకొస్తే అన్నీ తన ఇష్టమే. నన్ను ఒక మాట అడిగిన పాపాన పోలేదు. ఈ రెండేండ్లు నన్ను అడక్కుండా ఏమీ జేయలే. స్నానానికి నీళ్ళు పెడితే, నువ్వు చెయ్యి పెట్టి చూడు అంటాడు. టీ ఇస్తే, రొంత నువ్వు పట్టుకోని చూసి ఇయ్యి అంటాడు. మనవణ్ణి ఎత్తుకుంటే, జ్వరముందేమో నువ్వు ముట్టుకోని చెప్పు అంటాడు. నీ చెయ్యి చెప్తేనే నాకు నమ్మకం అనేటోడు. పెండ్లయినప్పటి నుంచి ఎదురుచూసినా మ్మా ఆ మాట కోసరం. పోయేముందు అల్లా నాకు ఆ సుఖం ఇచ్చినాడు."

చెయ్యి సంగతి ఆమెకి తెలియదు. ఆయన తెలియనివ్వలేదు.

"అక్కడ గూడా అట్లే ఉండేటోడా మ్మా?" అని అడిగింది.

"ఇక్కడా అంతేనమ్మా. ఇంటామె చెయ్యి పెట్టి చెబితే గానీ ఏ పనీ చేసేవాడు కాదు" అన్నాను.

ఆమె సంతోషంగా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్ళి నీలం కుళాయి తిప్పి, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాను. రసమంత ఉంది. హీటరు ఆపేశాను.